మామయ్య, నేను, రోడ్డు పక్క మట్టి

నలభై దాటాక పీహెచ్‌డీలో చేరతానంటే మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. అట్లాగని సంబరపడ్డవాళ్లూ లేరు. హన్మకొండలో కిరాణా దుకాణం నడుపుకునే కుటుంబం మాది. నేను బడిలో సైన్సు చెబుతాను. మా ఆయన దుకాణంలో పప్పు డబ్బాలు సర్దుతూనే "సెలవుల్లోనే కదా" అన్నాడు. అత్తయ్య "ఇంకెంత సదువుతవు బిడ్డా, కండ్లు పోతయి" అంది. మామయ్య ఒక్కడే "దేని మీద సదువు?" అని అడిగాడు.

"రోడ్డు పక్క మట్టి మీద మామయ్యా. బండ్ల పొగలో, అరిగిన టైర్ల పొడిలో, బ్రేకుల పొడిలో సీసం, కాడ్మియం, రాగి, జింకు ఉంటాయి. అవన్నీ రోడ్డు పక్క మట్టిలో చేరతాయి. ఎంత చేరాయో, రోడ్డు నుంచి ఎంత దూరం దాకా పోయాయో చూడాలి."

"మంచిదే. మరి మట్టి ఎవరు మోస్తరు?"

ఆ సంగతి నేను అప్పటిదాకా ఆలోచించలేదు. మట్టి అంటే నాకు పుస్తకాల్లో పట్టికలు, గీతలు. ఒక్కో చోట అరకిలో చొప్పున ఊరంతా తిరిగి తవ్వి, మూట కట్టి ఇంటికి చేర్చాలన్నది ఆయన అడిగాకే తట్టింది. పైగా నాకు బండి నడపడం రాదు.

అప్పటికి ఏడాది క్రితమే మామయ్య దుకాణం కొడుకుకు అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కూడా తప్పే. నలభై ఏళ్లు గల్లా ముందు నిలబడ్డ మనిషి ఇంట్లో ఎట్లా కూర్చుంటాడు? వంటింట్లో డబ్బాలు మార్చేవాడు. కందిపప్పు ఉన్న డబ్బాలో పెసరపప్పు పోసేవాడు. జీలకర్రను చిన్న చిన్న పొట్లాలు కట్టి దారంతో చుట్టి వరసగా పెట్టేవాడు. అత్తయ్యకు పోపు పెట్టాలంటే ముందు పొట్లం ముడి విప్పాల్సి వచ్చేది. నా చదువు సంగతి విన్న మర్నాడే ఆమె నన్ను పక్కకు పిలిచి, "గా మట్టి పనికి ఈయన్ను తీస్కపో బిడ్డా, నీకు పుణ్యముంటది" అంది.

అట్లా మామయ్య నా పరిశోధనలో చేరాడు.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా బయలుదేరేవాళ్లం. మామయ్యది కిక్కు కొడితే గానీ కదలని పాత స్కూటర్. వెనక నేను, నా ఒళ్లో సంచి, సంచిలో కొలత టేపు, ప్లాస్టిక్ కవర్లు, మార్కర్ పెన్ను. మొదటిరోజు సుబేదారిలో పెద్దరోడ్డు పక్కన ఆగాం. మామయ్య స్కూటర్ స్టాండ్ వేసి, సంచిలోంచి పూలకుండీల్లో మట్టి గుల్లచేసే చిన్న ఇనుప పార తీశాడు.

"అది వద్దు మామయ్యా. లోహాలు వెతికే మట్టిని లోహంతో తవ్వకూడదు. పార నుంచి ఏ కాస్త అంటినా లెక్క తప్పుతుంది."

ఆయనకు ఈ మాట ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత దారినపోయే వాళ్లందరికీ తన మాటగానే చెప్పాడు. అప్పటికప్పుడు నన్ను రోడ్డు మీదే నిలబెట్టి దుకాణానికి వెళ్లి, చక్కెర తోడే ప్లాస్టిక్ గరిటె పట్టుకొచ్చాడు. తర్వాత వారం రోజులు మా ఆయన గరిటె కోసం వెతుకుతూనే ఉన్నాడు. మామయ్య కూడా వెతికినట్టు నటించాడు.

పద్ధతి చెప్పాను. తారు అంచు దగ్గర ఒకటి, అయిదు మీటర్ల దూరంలో ఒకటి, పదిహేను మీటర్ల దగ్గర ఒకటి, స్థలం ఉంటే ఇంకా వెనక ఒకటి. పైన నాలుగు వేళ్ల లోతు మట్టి మాత్రమే తీయాలి. అరకిలో తూచడానికి నేను చిన్న త్రాసు తెచ్చుకున్నాను. మూడో కవరు దగ్గర మామయ్య త్రాసు పక్కన పెట్టి, గరిటెతో రెండుసార్లు తోడి, కవరు చేత్తో ఓసారి ఎగరేసి "అయింది" అన్నాడు. నమ్మక తూచి చూశాను. ముల్లు నిలువునా నిలబడింది. ఆ తర్వాత త్రాసు మళ్లీ తేలేదు.

టేపు పరచగానే మొదలైంది గోల. ముందు టిఫిన్ సెంటర్ ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, రోడ్డు వెడల్పు చేస్తాండ్రా?"

వెనకే పంక్చర్ షాపతను, జిరాక్స్ షాపతను. "మా మెట్లు పోతయా సార్?" "మొన్ననే బోర్డు పెట్టిన సార్, జర చూడున్రి." నేను నోరు తెరిచేలోపే మామయ్య అందుకున్నాడు.

"మెట్లు ఎటూ పోవు. నీ మట్టి పోతది, అరకిలో. ఫికర్ చెయ్యకు."

ఎవరూ నమ్మలేదు. టిఫిన్ సెంటర్ ఆయన బలవంతంగా లోపల కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టించాడు. మామయ్య రెండో ఇడ్లీ తింటుండగా వంగి మెల్లగా, "టేపు గా అవుతలి పక్కకు పెడితే మంచిగుంటది సార్, అటుపక్క జాగ ఎక్కువున్నది" అన్నాడు. మామయ్యకు నవ్వు ఆగక పొలమారింది.

పొద్దుటి నడకకు వచ్చే ఒక పెద్దాయనకు ఇంకో అనుమానం వచ్చింది. కవరు మీద నేను "సీసం, రాగి" అని రాసుకోవడం చూశాడు. దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "కాకతీయుల కాలం నాటిదేమన్న తగిలిందా?" అన్నాడు.

"లోహమే తగులుతాంది" అన్నాడు మామయ్య అంతే మెల్లగా. "బంగారం మాత్రం కాదు."

పోల్చి చూడటానికి బండ్లు తిరగని చోటి మట్టి కూడా కావాలి. దానికోసం ధర్మసాగర్ అవతల, డాంబరు రోడ్డుకు బాగా లోపలున్న ఒక మెట్ట చెలకకు వెళ్లాం. అక్కడ మామయ్య మట్టి చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. తర్వాత సంచిలో మిగిలిన సుబేదారి కవరు విప్పి అదీ వాసన చూశాడు. "రెండిట్లకు ఫరక్ ఉన్నది" అన్నాడు. మిషన్ చెప్పేదాకా అట్లా అనకూడదన్నాను. "మిషన్ చెప్పేదాక నా ముక్కు ఊకుంటదా?" అన్నాడు.

తెచ్చిన మట్టిని ఎండ తగలకుండా ఆరబెట్టాలి. మేడ మీద గదిలో పాత పేపర్లు పరిచి, ఒక్కో కుప్ప పక్కన చీటీ పెట్టాను. గది నిండా కుప్పలే. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి ఒక పేపరు ఖాళీగా ఉంది. చీటీ మాత్రం ఉంది. ఇల్లంతా వెతికాను. చివరికి అత్తయ్య తులసికోట దగ్గర నీళ్లు పోస్తూ కనిపించింది.

"అత్తయ్యా, పైన మట్టి..."

"ఔ బిడ్డా. తులసమ్మకు మట్టి తక్కువైందని గింత పోసిన. గన్ని కుప్పలున్నయి గద, ఒక్కటే తీసిన."

మామయ్య మెట్ల మీద నిలబడి తలపట్టుకున్నాడు. "ముప్పై కుప్పల్ల గదే దొరికిందా నీకు?" అన్నాడు. పాపం, అత్తయ్యకు ఏ కుప్పయినా మట్టే. పోయిన కుప్ప ఎక్కడిదో చీటీలో చూశాను. సిగ్నల్‌కు కాస్త ముందు, ప్రహరీ కట్టి వదిలేసిన ఖాళీ ప్లాటు ముందుది. బండ్లన్నీ ఆగి, మళ్లీ ఒక్కసారిగా కదిలే చోటు. నాకు అన్నిటికంటే ముఖ్యమైన మట్టి అదే. తులసికోటలోంచి తిరిగి తీయడానికి లేదు. ఆ పై మట్టిని మాత్రం తోడి పారేసి, కోటలో కొత్త మట్టి నింపాను. అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తరువాతి ఆదివారం మళ్లీ అక్కడికే వెళ్లాం. నెల కిందట వచ్చినప్పుడు రోడ్డుకూ ప్రహరీకీ మధ్య ఉన్న ఆ పొడుగాటి జాగా ఉత్త దున్నిన నేలలా కనబడింది. ఇప్పుడు పచ్చగా ఉంది. తారు అంచుకు రెండడుగుల దూరం నుంచి ప్రహరీ దాకా మళ్లు మళ్లుగా తోటకూర, పాలకూర, గోంగూర. మామయ్య కూర్చుని గరిటె మట్టిలో పెట్టాడో లేదో, ప్రహరీ గేటు దగ్గర నుంచి కేక వినబడింది.

"ఎవరది? నా మడిల చెయ్యి పెట్టేది ఎవరు?"

కొంగు నడుముకు చెక్కుకుని, చేతిలో నీళ్ల పైపుతో ఒకామె పరుగున వచ్చింది. దగ్గరకొచ్చి ఆగిపోయింది.

"సేటూ! నువ్వేంది, పొద్దుగాల్నే రోడ్డు మీద కూసున్నవు?"

మామయ్య గరిటె పట్టుకునే లేచాడు. "చెల్లె... నువ్విక్కడ పండిస్తవా?"

నేనూ గుర్తుపట్టాను. ప్రతి సాయంత్రం మా దుకాణం ఎదురుగా ఫుట్‌పాత్ మీద గోనెసంచి పరిచి ఆకుకూరలు అమ్మే మనిషి. పదేళ్లుగా మా ఇంటికి ఆకుకూర ఆమె దగ్గరి నుంచే వస్తోంది. దుకాణం వదిలినా మామయ్య ఆ ఒక్క పని వదల్లేదు. సాయంత్రం నడిచి వెళ్లి, కట్టలు తిప్పి తిప్పి చూసి, రెండు పట్టుకొచ్చేవాడు. పాలకుర్తి దగ్గరి పల్లె నుంచి కూలి పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. భర్త ఆ ప్లాటుకు కాపలా. ముందున్న జాగా ఊరికే ఉండటమెందుకని ఆమె సాగు చేసుకుంటోంది.

"పదేండ్ల సంది తింటాన్న, ఎక్కడ పండిస్తవని ఎన్నడన్న అడిగిన్నా!" అన్నాడు మామయ్య.

"అడిగితే చెప్పకపోదునా? దాసుకునేదేమున్నది? మందు గూడ కొట్టను సేటూ. పెంటెరువే ఏస్త."

నేను పని చెప్పాను. మట్టితో పాటు ముందు వరసలోంచి ఒక కట్ట, నడుమ నుంచి ఒకటి, ప్రహరీ పక్క నుంచి ఒకటి తోటకూర కూడా కావాలన్నాను. ఆమె పకపకా నవ్వింది. "కూరల గూడ ముందు ఎనుక ఉంటదా బిడ్డా?" అంటూనే మూడూ కోసి ఇచ్చింది. మామయ్య మామూలుగా ఇంటికోసం ఇంకో కట్ట తీసుకోబోయి, నా ముఖం చూసి ఆగాడు. ఆ ఒక్క పూట మాత్రం మా ఇంట్లో వంకాయ వండారు.

ఆ తర్వాత రెండు నెలలు నేను యూనివర్సిటీ ల్యాబులోనే ఉన్నాను. ఆరిన మట్టిని జల్లించడం, ఆకుల్ని సగం కడిగి సగం కడగకుండా ఎండబెట్టి పొడి చేయడం, ఆసిడ్‌లో వేసి పొగలు పోయేదాకా కాచడం, వడగట్టడం. చివరికి ఆ నీళ్లను మిషన్‌కు పెడితే ఏ లోహం ఎంతుందో చెబుతుంది. అంకెలు వచ్చిన రోజు వాటిని గీతగా గీశాను. తారు అంచు దగ్గర సీసం, జింకు ఎత్తుగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ మెట్టు దిగినట్టు దిగుతూ, ధర్మసాగర్ చెలక దగ్గర నేలకు ఆనుకున్నాయి. పుస్తకంలో బొమ్మలా ఉంది. పెట్రోల్‌లో సీసం కలపడం ఎప్పుడో మానేసినా, అంతకుముందు పడింది మట్టిని వదిలి ఎక్కడికీ పోదు. కొత్తగా పడేది దాని మీద చేరుతూనే ఉంటుంది. అది నేను చదివిందే. ఇప్పుడు నా చేత్తో గీసిన గీతలో కనబడింది. ఒక్కదాన్నే ల్యాబులో నిలబడి నవ్వుకున్నాను.

ఆ నవ్వు తోటకూర అంకెలు వచ్చేదాకానే. ముందు వరస ఆకులో సీసం, తినే కూరలో ఉండదగినంత కన్నా ఎక్కువ ఉంది. కడిగితే కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు. ప్రహరీ పక్కది నయం, కానీ అదీ పూర్తిగా మంచిదనడానికి లేదు. పదేళ్లుగా మా ఇంట్లో పప్పులో పడిన తోటకూర అదే. ఇంటర్ చదివే మా అమ్మాయికి ఒకటో తరగతిలో ఉన్నప్పటి నుంచీ నేను అన్నంలో కలిపి, నెయ్యేసి పెట్టిన పాలకూర అదే.

సాయంత్రం మామయ్యకు చెప్పాను. దాపరికం లేకుండా, బడిలో చెప్పినట్టే చెప్పాను.

"అంటే మనం తిన్నది..."

"అవును మామయ్యా."

"పిల్ల తిన్నది గూడ."

"అవును. అయితే రోజూ అదొక్కటే తినలేదు కదా. కంగారు పడాల్సింది లేదు. ఇకమీదట మానేద్దాం."

ఆయన లేచాడు. చెప్పులు వేసుకుని మేడ మీదకు పోయాడు. కాసేపాగి నేను వెళితే పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా చేత్తోనే ఏరి ఏరి తెచ్చిన బిడ్డా" అన్నాడు. నలభై ఏళ్లలో ఒక్క పుచ్చు పప్పు కూడా గిరాకీకి ఇవ్వలేదని చెప్పుకునే మనిషి.

తర్వాత వారం ఇంట్లో ఆకుకూర వండలేదు. మామయ్య సాయంత్రం నడక మాత్రం మానలేదు. ఒకరోజు కొలత టేపు కోసం స్కూటర్ ముందు డబ్బా తెరిచాను. ఒక్కసారిగా కుళ్లిన గోంగూర వాసన కొట్టింది. లోపల నాలుగైదు కట్టలు, వాడిపోయి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"ఇదేంటి మామయ్యా?"

దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు. "ఏం చెయ్యాలె మరి? పదేండ్ల సంది తీస్కుంటాన్న. ఒక్కసారి బంద్ చేస్తే ఏమనుకుంటది? ఏమైంది సేటూ అని అడిగితే ఏం చెప్పాలె? అందుకే తీస్కుంటాన్న, డబ్బల పెడ్తాన్న."

"మనం డబ్బాలో పెడుతున్నాం. మిగతా వాళ్లు వండుకుంటున్నారు కదా."

మామయ్య కట్టలు తీసి చెత్తబుట్టలో వేశాడు. డబ్బా కడిగాడు. చేతులు తుడుచుకుని, "రేపు పొద్దున పోదాం పా" అన్నాడు.

దారి పొడుగునా ఎట్లా మొదలుపెట్టాలో అనుకుంటూనే వెళ్లాం. ఆయన మొదలుపెడతాడని నేను, నేను మొదలుపెడతానని ఆయన. ఆమె మళ్ల మధ్య కూర్చుని కలుపు తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి, "మళ్ల మట్టికి వచ్చిన్రా? ఎన్ని సార్లు తీస్తరమ్మా, నా మడి గుంతయితాంది" అని నవ్వింది. చివరికి నేనే చెప్పాను. ఆమె నవ్వు ఒక్కో మాటకు కొంచెం కొంచెం పోయింది.

"నా మీద ఎవరన్న చెప్పిన్రా? గా మూల కాడ కూరలమ్మే ఆమె చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదక్కా. నేనే పరీక్ష చేశాను."

"మందు కొట్టనని చెప్పిన గద! అందరు మందు కొడ్తరు, వాళ్లది మంచిది, నాది చెడ్డదా? సేటూ, నువ్వన్న చెప్పవేంది?"

మామయ్య మెడలోని తెల్ల తువ్వాలు తీసి, ముందు వరసలో ఒక పెద్ద ఆకును మెల్లగా తుడిచి, తువ్వాలు ఆమె ముందు పట్టుకున్నాడు. నల్లటి చార.

"కడిగితే పోతది" అంది ఆమె.

"పైనున్నది పోతుందక్కా. మట్టిలోంచి వేరు పీల్చుకున్నది పోదు. నీ సాగులో తప్పేం లేదు. మట్టి మీద ఏళ్ల తరబడి పడ్డ పొగది తప్పు. నువ్వు రాకముందు నుంచీ పడుతోంది."

ఆమె గట్టు మీద కూర్చుంది. సిగ్నల్ పడి బండ్లన్నీ మా పక్కనే ఆగాయి. ఒక లారీ ఆగినంతసేపూ పొగ వదులుతూనే ఉంది. ఆమె ఆ పొగ మళ్ల మీదకు రావడం చూసింది. రోజూ కనబడేదే, ఆ రోజు మాత్రం తల తిప్పకుండా చూసింది.

"మా కోడలు కడుపుతోనున్నది" అంది ఉన్నట్టుండి. "దవాఖానల ఆకుకూర బాగ తినమన్నరు. రోజు నేనే వండి పెడ్తాన్న."

కడుపులో బిడ్డకు సీసం ఎంత చెరుపో చదివిన దాన్ని. అయినా ఆ మాట ఆమెకు చెప్పే తీరు నాకు ఎవరూ నేర్పలేదు. "ఈరోజే దవాఖానకు పోదాం. రక్తం పరీక్ష చేయిద్దాం. నేనూ వస్తాను" అన్నాను.

ఆమె లేచింది. ముందు వరస దగ్గరకు పోయి, తోటకూర మొక్కలు పిడికెడు పిడికెడు పట్టి పీకడం మొదలుపెట్టింది. మామయ్య ధోతి పైకి దోపుకుని పక్క మడిలో దిగాడు. నేనూ దిగాను. పీకింది పశువులకు వేయొద్దని చెప్పి, సంచుల్లో కుక్కి చెత్తబండికి ఇచ్చాం.

కోడలి రక్తపరీక్ష వచ్చేదాకా మా ముగ్గురికీ కాలు నిలవలేదు. డాక్టరమ్మ కాగితం చూసి, భయపడాల్సినంత లేదని, ఆ కూర మానేసి పాలు, గుడ్లు బాగా తినమని, నెలకు మళ్లీ చూపించుకోమని చెప్పింది. బయటికొచ్చాక నా నోట స్కూటర్ డబ్బాలోని కట్టల సంగతి జారేసరికి కూరలామె మామయ్య మీద విరుచుకుపడింది. "గీ సంగతి ఎరికైనంక గూడ వారం దినాలు నా తాన కూర కొన్నవా! మొదటి రోజే చెప్తే నీ నోరు అరుగుతదా సేటూ?"

"తప్పయింది చెల్లె" అన్నాడు మామయ్య. గిరాకీల ముందు కూడా ఆయన అట్లా తలొంచడం నేను చూడలేదు.

ఆ తర్వాత మూడు రోజులు ఆమె దుకాణం ముందు కనబడలేదు. మామయ్య రోజూ సాయంత్రం వెళ్లి, ఖాళీ ఫుట్‌పాత్ చూసి వచ్చేవాడు. వచ్చి మళ్లీ జీలకర్ర పొట్లాలు కట్టేవాడు. నాలుగో రోజు ఆమె పెద్ద గంపతో దిగింది. ధర్మసాగర్‌లో ఆమె ఆడబిడ్డకు రెండు గుంటల జాగాలో ఆకుకూర మళ్లున్నాయట. అక్కడి నుంచి పొద్దున్నే కోయించి తెచ్చి అమ్ముతుందట. మామయ్య వెళ్లగానే ఒక కట్ట ఆయన ముక్కు దగ్గర పెట్టి, "చూడు సేటూ, పొగ వాసన వస్తాందా?" అంది. చుట్టూ ఉన్న గిరాకీలందరికీ విషయం తెలిసేలా అంది. అడిగిన వాళ్లందరికీ పాత సంగతి కూడా తానే చెప్పింది. ఇద్దరు ముగ్గురు తిట్టారు. మిగతావాళ్లు కొనుక్కుని పోయారు.

ఖాళీ అయిన మడిలో ఏం పెట్టాలన్నది కూడా ఆమే తేల్చింది. "తినేటిది వద్దంటివి. తిననిది పెడ్త. బంతిపూలు." మొదటి నారు వానకు కొట్టుకుపోయింది. రెండోసారి వేసింది బర్రెలు తొక్కాయి. ఆ రెండు సార్లూ ఫోను నాకే వచ్చింది, ఏదో వానా బర్రెలూ నేనే పంపినట్టు. మూడోసారి నిలిచింది. బతుకమ్మ పండుగ ముందు ఆ రోడ్డు అంచు పసుపుగా, నారింజగా విరగబూసింది. సిగ్నల్ దగ్గర ఆగిన వాళ్లు బండ్ల మీద నుంచే అడిగి కొనుక్కున్నారు.

ఇక్కడితో నా పని తీరిందనుకున్నాను. కానీ మామయ్య పూలు చూస్తూ నిలబడి, "గీ పూలు బతుకమ్మల పేరుస్తరు. బతుకమ్మను చెరువుల వేస్తరు. మరి గా సీసం చెరువులకు పోదా?" అన్నాడు.

మర్నాడు మా గైడ్‌కు ఆ ప్రశ్న నాదే అన్నట్టు చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "చాలా మంచి ప్రశ్నమ్మా, అది కూడా చేసెయ్" అన్నాడు. పూలు వేరు, కాడలు వేరు, వేర్లు వేరుగా ఎండబెట్టి, దంచి, మళ్లీ ఆసిడ్, మళ్లీ మిషన్. వేర్లలో ఉన్నంత పూలలో లేదని తేలింది. అది తేలేసరికి నా థీసిస్ ఆరునెలలు వెనక్కి పోయింది. అత్తయ్య "నీ ముక్కు నోరు జర మూసుకుంటే బిడ్డ సదువు అయిపోతుండె" అని మామయ్యను కేకలేసింది. ఈలోగా కూరలామె కోడలు ఆడపిల్లను కన్నది. బిడ్డ బరువు మూడు కిలోలన్నారు. మామయ్య దవాఖానకు వెళ్లి, పసిదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కసారి మెల్లగా పైకి లేపి, "మూడు మీద ఇంకో నూరు గ్రాములుంటది" అన్నాడు. నర్సు కాగితం చూసి ఆశ్చర్యపోయింది.

కిందటి నెల థీసిస్ ఇవ్వడానికి బయలుదేరాం. మామయ్య స్కూటర్ మీదే. ఒళ్లో అట్టలు వేయించిన అయిదు కాపీలు, చీర కొంగు గాలికి ఎగరకుండా దోపుకుని నేను. కాజీపేట రోడ్డులో సిగ్నల్ పడింది. మామయ్య వెంటనే ఇంజన్ ఆపేశాడు. ఈ మధ్య ఆయనకు అదొక అలవాటు. తాను ఆపితే సరిపోదు, పక్కవాళ్లతో కూడా ఆపించాలి. పక్కనున్న ఆటో అతని వైపు వంగాడు.

"బిడ్డా, జర ఇంజన్ బంద్ చెయ్యి. ఎనభై సెకండ్లున్నది. పొగంతా మట్టిల పడ్తది."

ఆటో అతను వింతగా చూసి, తాళం తిప్పాడు. ఆటో వెనక బైకు మీదున్న అమ్మాయి కూడా ఆపింది. మామయ్య నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్లెగరేశాడు.

పచ్చ దీపం పడింది. మామయ్య కిక్కు కొట్టాడు. స్కూటర్ దగ్గింది, ఆగింది. ఇంకోటి కొట్టాడు. ఇంకోటి. వెనక నుంచి హారన్లు మొదలయ్యాయి. బస్సు ఒకటి నా చెవిలోనే కూసింది. నేను కాపీలు గుండెకు హత్తుకుని దిగాను. మామయ్య స్కూటర్‌ను ఒక పక్కకు వంచి నాలుగు సార్లు కొట్టాడు. లాభం లేదు. ఆటో అతను తిట్టుకుంటూ దిగి, స్కూటర్ వెనక రెండు చేతులూ పెట్టి నెట్టాడు. నేనూ ఒక చేత్తో నెట్టాను. పది గజాలు పోయాక అది గురగురమని అందుకుంది. నేను పరుగెత్తుకుంటూ పోయి వెనక ఎక్కాను.

"తాతా!" వెనక నుంచి ఆటో అతను అరిచాడు. "నీది బంద్ చెయ్యకు! మాది మేం చేస్తం!"

మామయ్య వినబడనట్టే ముందుకు చూస్తూ గేరు మార్చాడు.